గాలి సోకని గూడు

అనంతపురం నేల మీద దేనికి కరువున్నా గాలికి మాత్రం కరువు లేదు.

వాన సంగతి మీకు తెలిసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ పడితే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఆ రెండింటికీ అందకుండా మధ్యలో మిగిలిపోయిన మిట్టనేల మాది. కానీ గాలి? ఆషాఢం వచ్చిందంటే ఆరేసిన బట్టల్ని పక్కింటి మిద్దె మీద వెతుక్కోవాలి. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. ఇప్పుడు ఉరవకొండ, బెళుగుప్ప వైపు బస్సులో పోతే కిటికీలోంచి ఎటు చూసినా తెల్ల రెక్కలే. మా గాలిని కరెంటు చేసి అమ్ముకోవడానికి ఎక్కడెక్కడి కంపెనీలో వచ్చాయి.

అలాంటి చోట మా జేజి కోళ్లు ఒక మే నెల రాత్రి గాలాడక చచ్చిపోయాయి. 14 కోళ్లలో 6.

కోళ్లగూడుకు గాలి ఎట్లా పెట్టాలి అనేది కూడా ఒక విషయమేనా అని మీరు నవ్వుకోవచ్చు. ఏసీ ఎన్ని టన్నులుండాలి అంటే వీడియోలు చూస్తాం కానీ, పెరట్లో మూలకున్న గూడు గురించి ఎవరికి పట్టింది! నాకూ ఆ ఆరు కోళ్లు పోయేదాకా పట్టలేదు. పట్టిన తర్వాత తెలిసింది, అది కోళ్ల విషయం ఒక్కటే కాదని.

జేజి బ్యాంకు

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. మెట్ట సేద్యం. ఎర్రనేల, శెనక్కాయ. పంట చేతికొచ్చిన ఏడు ఆ డబ్బు ఇంటి డబ్బు. అప్పుకు కొంత, మళ్లీ విత్తనానికి కొంత, మందులకు కొంత. రాని ఏడు దాని గురించి మాట్లాడుకోకపోవడమే మేలు.

కోళ్ల డబ్బు మాత్రం జేజిది. అందులో ఎవరికీ వాటా లేదు, లెక్క చెప్పే పనీ లేదు. గుడ్లు అమ్మినా, పుంజు అమ్మినా ఆ నోట్లు నేరుగా ఆమె కొంగు ముడిలోకే. పండగ ముందు ఒక పుంజు పోతే దాదాపు ఒక గ్యాస్ బండ వస్తుంది. కంటి అద్దాలు అట్లనే వచ్చాయి. నా డిగ్రీ పరీక్ష ఫీజు ఒకసారి ఒక ఎర్ర పుంజు కట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో ఆ మాట చెప్పుకొని నవ్వుకుంటారు.

ఇంకో సంగతి. కరువు ఏడాదిలో మేత దొరక్క ముందు పశువుల్ని అమ్ముకుంటారు. కోడికి ఆ బాధ లేదు. కళ్లంలో రాలిన గింజ, పేడకుప్పలో పురుగు, ఇంట్లో మిగిలిన సంగటి ముద్ద, ఇవే దాని మేత. వాన రాకపోయినా గుడ్డు పెడుతుంది. అందుకే మెట్టప్రాంతం ఆడవాళ్లకు కోడి అంటే చిన్న జీవం కాదు. ఏటీఎం కార్డు లేని బ్యాంకు.

"ఒకరి ముందర చెయ్యి సాపకుండా బతకాలంటే ఇంటెనక నాలుగు కోళ్లుండాల పాపా" అంటుంది జేజి. ఆమెకు ముగ్గురు కొడుకులు. ముగ్గురూ మంచోళ్లే. అయినా అడగడం వేరు, ఉండడం వేరు.

ఆ రాత్రి ఏమైంది

జేజి గూడు మా ఇంటి మెట్ల పక్కన ఉండేది. మూడు దిక్కులా తాడిపత్రి బండలు, పైన ఒక బండ, ముందర చెక్క తలుపు. మా వైపు పాత ఇళ్లల్లో ఇలాంటి గూళ్లే ఉంటాయి. గట్టిగా ఉంటాయి. కుక్క పీకలేదు, దొంగ ఎత్తుకుపోలేడు. ఆ గూడు మొహం పడమటికి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ నేరుగా దాని మీదే.

అంతకు వారం ముందు అడవిపిల్లి వచ్చి ఒక పెట్టను ఎత్తుకుపోయింది. ఇంకోసారి రాకుండా మా చిన్నాయన గూడు చుట్టూ టార్పాలిన్ పట్ట బిర్రుగా కట్టాడు. తలుపు సందులు కూడా మూసేశాడు. ఆయన చేసింది జేజి మీద ప్రేమతోనే. ఆ వారమంతా పిల్లి రాలేదు. గాలి కూడా రాలేదు.

పొద్దున్నే తలుపు తీస్తే లోపలి నుంచి వచ్చిన ఘాటుకు కళ్లు మండాయి. ఆరు కోళ్లు రెక్కలు పరుచుకొని, నోళ్లు తెరిచి పడి ఉన్నాయి. మిగిలినవి తూలుకుంటూ బయటికొచ్చి నీళ్ల తొట్టి మీద పడ్డాయి.

వీధిలో తలా ఒక మాట. కొక్కెర తెగులు అన్నారు ఒకరు. గాలి సోకింది, అంత్రం కట్టించుకోండి అన్నారు ఇంకొకరు. గాలి సోకడమంటే మా వైపు దయ్యం పట్టడం, దుష్టగాలి తగలడం.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాం. ఆయన నాలుగు ప్రశ్నలు అడిగాడు. పచ్చగా పారుకున్నాయా? మెడ మెలితిప్పుకున్నాయా? నిన్న సాయంత్రం మేత బాగా తిన్నాయా? చచ్చినవాటిలో బరువున్నవి ఎన్ని?

పారుకోలేదు. మెడలు బాగానే ఉన్నాయి. మేత కడుపునిండా తిన్నాయి. చచ్చిన ఆరూ గుంపులో బాగా బలిసినవే. వాటిలో మూడు వనరాజా పెట్టలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసిన రకం అది. నాటుకోడి కన్నా బరువు తూగుతుంది.

అది తెగులు కాదు, వేడి అని చెప్పాడాయన. తెగులైతే రెండు మూడు రోజులు నలిగి, ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటూ పోతుంది. వేడి ఒక్క రాత్రిలో, బలిసినవాటిని ముందు పట్టుకుంటుంది. ఎందుకంటే ఒంట్లో పుట్టే వేడి వాటికే ఎక్కువ, బయటికి పోయే దారి తక్కువ.

ఫోన్ స్పీకర్‌లో ఇదంతా విన్న జేజి ఒక్కటే మాట అంది. "అంటే గాలి సోకి కాదు. గాలి సోకక సచ్చినాయి."

తర్వాత ఆ ఎనిమిది కోళ్లను కూడా అమ్మేద్దామంది. "ఇంగ సాకను. కండ్ల ముందర సచ్చేవాటిని సాకేకి నాకు శాతగాదు." నాకు భయమేసింది అప్పుడే. ఆరు కోళ్లు పోవడం నష్టం. ఆమె కోళ్లు మానేయడమంటే రేపటి నుంచి బీపీ మాత్రలకూ తాంబూలానికీ కూడా ఇంకొకరి జేబు వైపు చూడడం.

కోడికి చెమట పట్టదు

అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదివాను. డాక్టర్లను అడిగాను. మనకు బాగా అర్థమయ్యేట్టు చెబితే సంగతి ఇది.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలకు పైన ఉంటుంది. మనకు ఆ వేడి వస్తే ఆసుపత్రికి పరిగెడతాం. దానికి అది ఆరోగ్యం. కానీ అక్కడి నుంచి ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరిగితే ప్రాణానికే ముప్పు. అంటే దాని దగ్గర మిగులు చాలా తక్కువ.

దానికి చెమట గ్రంథులు లేవు. పైగా ఒంటినిండా ఈకల దుప్పటి. బయట చల్లగా ఉన్నప్పుడు తురాయి, కాళ్లు, రెక్కల కింది చర్మం నుంచి వేడి పోతుంది. బయటి వేడి 30 డిగ్రీలు దాటేకొద్దీ ఆ దారి మూసుకుపోతూ వస్తుంది. అప్పుడు కోడి నోరు తెరిచి రొప్పుతుంది. గొంతులో, ఊపిరి దారుల్లో ఉన్న తడి ఆవిరై పోతూ వేడిని వెంట తీసుకుపోతుంది. కోడికి ఉన్న కూలర్ అదొక్కటే.

ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఉంది. ఆ కూలర్ బాగా పనిచేయాలంటే చుట్టూ ఉన్న గాలి పొడిగా ఉండాలి. తడి గాలిలో ఆవిరి కాదు కదా. కోస్తాలో 38 డిగ్రీలకే మనం ఉడికిపోతాం, అనంతపురంలో 40 దాటినా నీడలోకి పోతే కాస్త ఓర్చుకుంటాం. అదే లెక్క. మా పొడిగాలి శెనక్కాయ చేనుకు శత్రువు కావచ్చు, కోడికి మాత్రం మిత్రుడు. మా కోళ్లకు దేవుడిచ్చిన వరమే ఆ గాలి.

కానీ ఆ వరాన్ని గూడు లోపలికి రానివ్వాలి.

పద్నాలుగు కోళ్లను బండల డబ్బాలో పెట్టి పట్ట కట్టేస్తే ఏమవుతుందో చూడండి. పగలంతా ఎండకు కాలిన బండ రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతూ ఉంటుంది. కోళ్లు కూడా ఊరికే ఉండవు. పది పన్నెండు కోళ్లు కలిస్తే వాటి ఒంట్లో పుట్టే వేడి పాతకాలం గుండుబల్బు ఒకటి వెలిగించి పెట్టినంత ఉంటుంది. అన్నీ రొప్పుతుంటాయి. రొప్పిన ప్రతిసారీ తడి ఆవిరి. కింద రెట్టలో కూడా మూడొంతుల దాకా నీళ్లే. పోయే దారి లేక ఆ తడి అంతా లోపలే నిలిచిపోతుంది. బయట అనంతపురం, లోపల విజయవాడ ఉక్కపోత! కోడి ఎంత రొప్పినా ఆవిరి కాదు. కూలర్ ఆగిపోయినట్టే.

ఆ ఘాటు సంగతి కూడా చెప్పాలి. రెట్ట తడిగా ఉంటే సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మారుస్తాయి. మన కళ్లు మండాయంటే, నేలకు జానెడు ఎత్తులో రాత్రంతా దాన్నే పీల్చిన కోడి గొంతు ఎట్లుంటుందో ఊహించుకోండి. ఆ వాయువు ఊపిరి దారుల్ని పుండు చేస్తుంది. ఆ పుండులోంచి జబ్బులు సులువుగా లోపలికి పోతాయి. చావు రాకపోయినా నష్టమే. రొప్పి రొప్పి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతే గుడ్డు పెంకుకు సరుకు చాలదు. ఎండాకాలంలో పలచని పెంకుతో, ముట్టుకుంటే పగిలే గుడ్లు రావడానికి అదొక కారణం.

భయంతో కట్టిన గూడు

మరి మన పెద్దవాళ్లు అంత మూసేసి ఎందుకు కట్టారు? తెలివిలేకనా? కాదు. భయంతో. పిల్లి, ముంగిస, పాము, కుక్క, దొంగ. ఇవన్నీ కంటికి కనిపించే శత్రువులు. పిల్లి వస్తే ఈకలు రాలి ఉంటాయి, రక్తం ఉంటుంది. గాలి లేకపోవడం మాత్రం కనిపించదు. అందుకని కనిపించే శత్రువు కోసం కట్టిన గూడులో కనిపించని శత్రువు కాపురముంటుంది.

కోడికి అసలు గూడే అలవాటు లేదు. దాని పూర్వీకులైన అడవికోళ్లు రాత్రిపూట చెట్టుకొమ్మ మీద నిద్రపోతాయి. ఇప్పటికీ మా ఊళ్లో కొన్ని పుంజులు ఎంత తరిమినా సాయంత్రానికి వేపచెట్టు ఎక్కి కూర్చుంటాయి. మొండివి అనుకునేవాళ్లం. వాటికి తెలిసింది మనకు తెలియలేదంతే.

అలాగని మన పెద్దలకు గాలి సంగతి తెలియదనీ కాదు. రాయలసీమ మట్టిమిద్దెలు చూసినవాళ్లకు గవాక్షి తెలుసు. పైకప్పులో వదిలిన రంధ్రం. కొందరు గవాచ్చి అంటారు. వంటింట్లో పొగ, మనుషుల వేడి పైకి పోయి అందులోంచి బయటపడేది. కింద వాకిలి నుంచి చల్లటి గాలి లోపలికొచ్చేది. వేడి గాలి తేలిక, పైకి పోతుంది. అది పోతేనే ఆ ఖాళీలోకి కొత్త గాలి వస్తుంది. ఫ్యాన్ లేదు, కరెంటు లేదు. పైన ఒక దారి, కింద ఒక దారి, అంతే.

మిద్దె పోయి స్లాబు వచ్చింది. గవాక్షి పోయి సీలింగ్ ఫ్యాన్ వచ్చింది. మనకైతే స్విచ్ ఉంది. కోడికి లేదు కదా! నేను జేజితో "మన గూడుకు గవాక్షి పెడదాం" అన్నప్పుడు ఇంకేమీ వివరించాల్సిన పని రాలేదు. ఆమెకు ఒక్క క్షణంలో అర్థమైంది. "నాకు ముందే తట్టాల్సిండె" అంటూ చీపురు పక్కన పెట్టి లేచింది.

మేము కట్టిన గూడు

పాత బండల గూడును కట్టెలు పెట్టుకోవడానికి వదిలేశాం. కొత్తది కానుగచెట్టు నీడలో కట్టాం. కొలతలు చెబుతాను, మీ చోటును బట్టి మార్చుకోండి.

పొడవు తూర్పు పడమరలకు. అప్పుడు పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా పొట్టి గోడల మీదే పడతాయి, పొడవు గోడలు కాలవు. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. రాత్రి పడకకే కాబట్టి కోడికి ఒక చదరపు అడుగుకు తగ్గకూడదు. ఇంకాస్త ఉంటే ఇంకా మంచిది.

నేలకు ఆనకుండా 2 అడుగుల ఎత్తులో రాతికూసాల మీద నిలబెట్టాం. అడుగున చెక్కపట్టీలు, మధ్యలో వేలెడు సందు. రెట్ట కిందికి రాలిపోతుంది, తడి లోపల నిలవదు. కింద రాలిన ఎరువు జేజి వంగమొక్కలకు.

దక్షిణం, ఉత్తరం గోడలు కింద అడుగున్నర చెక్క, ఆ పైన అంతా జాలి. చూడండి, పిల్లిని ఆపడానికి గోడే అక్కర్లేదు. గాలిని ఆపకుండా పిల్లిని ఆపేది జాలి. కానీ షాపులో దొరికే పలచని కోళ్లజాలి చాలదు. దాన్ని కుక్క చింపేస్తుంది, పాము అందులోంచి దూరుతుంది. అరంగుళం కన్నాలున్న వెల్డింగ్ జాలి తెచ్చాం. గూడు మొత్తంలో డబ్బు ఎక్కువ పోయింది దీనికే. మిగతాదంతా ఇంట్లో పడి ఉన్న చెక్కలు, రేకులే.

ఇక గవాక్షి. పైకప్పు ఒకవైపు వాలుగా రేకు. దక్షిణం వైపు తక్కువ, ఉత్తరం వైపు ఎక్కువ ఎత్తు. ఎత్తుగా ఉన్న వైపు రేకుకూ గోడకూ మధ్య పొడవునా నాలుగు వేళ్ల సందు వదిలి జాలి కొట్టాం. వేడి గాలి వాలు వెంబడి పైకి పాకి అందులోంచి పోతుంది. మా వైపు వేసవి చివర, వానాకాలం గాలి ఎక్కువగా నైరుతి, పడమర నుంచి వస్తుంది. గాలి వచ్చే వైపు కాకుండా దాటిపోయే వైపు ఆ సందు ఉంటే గాలి దాటుతూ లోపలి వేడిని పీల్చుకుపోతుంది. అక్టోబరులో వాన ఈశాన్యం నుంచి కొడుతుంది కాబట్టి అటువైపు రేకును 2 అడుగులు ముందుకు వదిలాం. జల్లు లోపలికి రాదు.

రేకు మీద బోదగడ్డి పరిచి తాడుతో కట్టాం. ఉత్త రేకైతే పెనంలాగా కాలుతుంది. గడ్డి దొరకనివాళ్లు జొన్నసొప్ప పరచొచ్చు, అదీ లేకపోతే తెల్లగా సున్నం కొట్టొచ్చు.

లోపల అడ్డకర్రలు పైసందు కన్నా కింద ఉండాలి. వేడి కోడి తల మీదుగా పోవాలి కానీ తలలోనే ఆగకూడదు.

నీళ్ల గురించి ఒక మాట. మే నెల సాయంత్రాలు జేజి పడమటి పక్క గోనెపట్ట వేలాడదీసి, చెంబెడు నీళ్లు చల్లుతుంది. ట్యాంకర్ నీళ్లు కొనే ఊళ్లో చెంబెడంటే లెక్కే. కానీ పొడిగాలి ఆ తడిలోంచి దూరి వస్తే చల్లబడుతుంది. ఒక్క పక్కే కట్టాలి సుమా. నాలుగు పక్కలా తడిపట్టలు కడితే గాలి ఆగిపోయి మళ్లీ విజయవాడే.

మరి చలికాలం?

ఇది అందరూ అడిగే ప్రశ్న. డిసెంబరు తెల్లవారుజామున మా మిట్టనేల మీద దుప్పటి లేకుండా ఉండలేం. కోళ్లకు చలి పుట్టదా అని మా చిన్నాయన కూడా అడిగాడు.

గాలాడడం వేరు, ఈదురు తగలడం వేరు. గాలాడడమంటే పాత గాలి పైనుంచి పోయి కొత్తది రావడం. ఈదురంటే పడుకున్న కోడి ఈకలు లేచేట్టు చలిగాలి నేరుగా కొట్టడం. మొదటిది ఏడాది పొడవునా కావాలి, రెండోది చలిలో వద్దు. ఈకలు పొంగించుకుంటే కోడికి అదే రగ్గు, మా చలి దానికి పెద్ద లెక్క కాదు. ఈకలు తడిస్తేనే ఇబ్బంది.

అందుకని పక్కజాలీలకు గోనెపరదాలు కుట్టాం. వేసవిలో చుట్టి పైకి కడతాం. చలికాలంలో గాలి వచ్చే వైపు మాత్రం అడ్డకర్ర ఎత్తు దాకా దించుతాం. పైసందును మాత్రం ఏ కాలంలోనూ మూయం. అదొక్కటే మా నియమం.

మంచు కురిసే దేశాల్లో కూడా ఈ గొడవ జరిగింది. అమెరికాలో ప్రిన్స్ వుడ్స్ అనే వైద్యుడు 1924లో ఒక పుస్తకమే రాశాడు, ముందువైపు తెరిచి ఉంచే కోళ్ల షెడ్ల గురించి. చలికి భయపడి అన్నీ బిగించి మూసేసిన షెడ్ల కన్నా గాలాడే షెడ్లలోనే కోళ్లు ఆరోగ్యంగా ఉంటాయన్నది ఆయన వాదన. మంచులోనే అట్లయితే మా పదిహేను డిగ్రీల చలికి గూడు బిగించడం ఎందుకు చెప్పండి?

ఊదుబత్తి పరీక్ష

మీ ఇంట్లో గూడు ఉంటే డబ్బు ఖర్చు లేని రెండు పరీక్షలున్నాయి.

మొదటిది ముక్కు. తెల్లవారి తలుపు తీసీతీయగానే వంగి, కోడి తల ఎత్తులో మీ తల పెట్టి పీల్చండి. నిలబడి కాదు. ఘాటు తగిలినా, కళ్లు మండినా గాలి చాలడం లేదని అర్థం. రోజూ అదే గూడు తెరిచేవాళ్ల ముక్కుకు అలవాటైపోయి ఉంటుంది. అందుకే సెలవులకు వచ్చిన మీ ముక్కే ఈ పనికి మంచిది.

రెండోది పొగ. గాలి పెద్దగా లేనప్పుడు, కోళ్లు బయటికి పోయాక, గూడు లోపల కింద ఒక ఊదుబత్తి వెలిగించి పట్టుకోండి. గడ్డీ గోనె ఉంటాయి కాబట్టి జాగ్రత్త, చేతిలోంచి వదలొద్దు. పొగ ఎటు పోతోందో ఫోన్‌లో వీడియో తీయండి. తిన్నగా పైకి పోయి బయటపడితే మంచిది. పైకప్పు కింద మబ్బులా నిలిచిపోతే అక్కడే మీ గవాక్షి పడాలి. రేకు ఒక చివర కింద రాళ్లు పెట్టి నాలుగు వేళ్లు ఎత్తినా చాలు. సందుకు జాలి మాత్రం మరవొద్దు.

ఇంకా చిన్నచిన్నవి. ఎండాకాలం మేత తెల్లవారుజామునే వేయండి, అరుగుదలకు కూడా ఒంట్లో వేడి పుడుతుంది. నీళ్లు నీడలో, మట్టితొట్టిలో. గాలి బాగుంటే తెగుళ్లు రావనుకోవద్దు. కొక్కెర తెగులు టీకా దారి దానిదే, గాలి దారి దీనిదే. రెండూ కావాలి.

లెక్క

కొత్త గూడు కట్టి రెండు వేసవులు దాటాయి. వేడికి రాత్రిపూట ఒక్క కోడి పోలేదు. పగలు మేతకు పోయినప్పుడు ముంగిస రెండింటిని పట్టుకుపోయింది, ఒకటి రోడ్డు మీద ఆటో కింద పడింది. అన్నిటికీ గవాక్షి మందు కాదు. పెంకు పలచన గుడ్లు మాత్రం బాగా తగ్గాయని జేజి లెక్క. ఆమె లెక్క తప్పడం నేను చూడలేదు.

వీధిలో ఇంకో నాలుగిళ్లలో రేకులు లేచాయి. అందరూ జాలి కొనలేదు. ఒకరు పాత కూలర్ పక్కజాలి కొట్టారు, ఒకరు కందికట్టెలు దగ్గర దగ్గరగా నాటి అల్లేశారు. మగవాళ్లెవరూ అంత పట్టించుకోలేదు. కోళ్లు ఎవరివో వాళ్లే కట్టుకున్నారు.

ఈ మధ్య వాతావరణ మార్పు గురించి చాలా వింటున్నాం. వేడిగాలుల హెచ్చరికలు ఫోన్‌కే వస్తున్నాయి, మధ్యాహ్నం బయటికి రావద్దని. గూడు లోపలి జీవానికి ఆ మెసేజ్ రాదు. దానికి బయటికి రావడమే మంచిది, తలుపు మన చేతిలో ఉంది.

మీలో చాలామంది నాలాగే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండి ఉంటారు. ఊళ్లో అమ్మో, అవ్వో, అత్తో నాలుగు కోళ్లు సాకుతూ ఉంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు తిన్నావా, మాత్రలు వేసుకున్నావా అని అడిగాక ఇంకొక్కటి అడగండి. "గూడుకు పైన సందు ఉందా?" అని.

లేదంటే ఈసారి సెలవులకు పోయేటప్పుడు స్వీట్ల డబ్బాతో పాటు మూడు గజాల జాలి కూడా పట్టుకుపోండి.